పడనిదేదో కంచమే చెప్పాలి

అనుమానం ఉన్న పదార్థాలను కొద్ది వారాల పాటు పూర్తిగా మానేసి, ఇబ్బంది తగ్గిందో లేదో చూసి, తర్వాత ఒక్కొక్కదాన్నే తిరిగి తింటూ ఏది పడటం లేదో తేల్చుకునే పద్ధతిని ఎలిమినేషన్ డైట్ అంటారు. ఇది బరువు తగ్గడానికి చేసేది కాదు, జీవితాంతం పాటించేదీ కాదు. రక్తపరీక్షల్లో, స్కానింగ్‌లో దొరకని కొన్ని బాధలకు మూలం తెలుసుకోవడానికి మనిషి తినే తిండినే పరీక్షగా మార్చడం ఇందులోని ఉపాయం. తిన్న గంటకే కడుపు ఉబ్బడం, మాటిమాటికీ విరేచనాలు, లేదంటే రోజుల తరబడి మలబద్ధకం, మింగిన ముద్ద గొంతు దిగక ఛాతీలో ఆగినట్టుండటం వంటి బాధలు ఎంతకీ తగ్గనప్పుడు వైద్యులు దీన్ని సూచిస్తారు.

ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చినవాడు ఆల్బర్ట్ రో. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఓక్లాండ్‌లో ఆయన అలర్జీ వైద్యుడు. చర్మం మీద చేసే సూది పరీక్షలకు చిక్కని ఆహార అలర్జీలు చాలా ఉన్నాయని గమనించి, 1920ల్లో రోగుల కోసం ప్రత్యేకమైన ఆహార జాబితాలు తయారుచేశాడు. ఆహార అలర్జీపై ఆయన రాసిన పెద్ద పుస్తకం 1931లో వెలువడింది. పాలు, గుడ్డు, గోధుమ తీసేసి, అలర్జీ తెచ్చే అవకాశం తక్కువగా ఉన్న బియ్యం, గొర్రె మాంసం, కొన్ని కూరగాయలు, పండ్లతో ఆయన రోగిని నిలబెట్టేవాడు. దాదాపు వందేళ్లు గడిచినా పాశ్చాత్య దేశాల నుంచి వచ్చే జాబితాల్లో చాలావాటి ఆధారం మారలేదు. తీసేసిన పాలు, గోధుమ, పప్పుల లోటును కోడి, చేప, గొర్రె మాంసంతో పూడ్చుకోమంటాయి. రోజూ మాంసం తినే ఇంట్లో ఇది పెద్ద సమస్య కాదు. మాంసం అరుదుగా వండే ఇంట్లో అదే జాబితా మనిషిని నీరసపెడుతుంది.

ఆదివారం మాంసం, మిగతా రోజులు పప్పుచారు

మాంసాహారుల లెక్కల్లో తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2014లో జరిపిన శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం ఇక్కడ 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులే. అయితే ఆ సర్వే తింటారా లేదా అని అడిగింది కానీ ఎంత తింటారని కాదు. వరంగల్, హనుమకొండ ఇళ్లలో మాంసం చాలావరకు ఆదివారం వంట. సోమవారం శివుడికని, శనివారం వెంకటేశ్వరస్వామికని మానేవారున్నారు. శ్రావణం, కార్తీకం వస్తే నెలంతా ముట్టనివారున్నారు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులున్న ప్రాంతం కాబట్టి చేప దొరుకుతుంది, రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనుకు గిరాకీ ఎక్కువే. కానీ అదీ నెలకు కొన్నిసార్లే. మిగతా రోజుల్లో కంచంలో ఉండేవి అన్నం, పప్పు లేదా పప్పుచారు, ఒక కూర, పెరుగు. రాత్రికి కొందరికి జొన్నరొట్టె, షుగర్ ఉన్నవారికి చపాతీ. మాంసకృత్తులు ప్రధానంగా వచ్చేది బియ్యం నుంచి, పప్పు నుంచి, పెరుగు నుంచి.

ఎలిమినేషన్ జాబితాలు మొదట తీసేయమనేవి బియ్యం తప్ప సరిగ్గా ఇవే. పప్పు, పాలు, పెరుగు, గోధుమ, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, కొన్ని జాబితాల్లో గుడ్డు, పల్లీలు. ఇక మిగిలేది అన్నం, బీరకాయ కూర. అందుకే మాంసం తక్కువ తినేవారు ఈ పథ్యాన్ని తీసేసే వైపు నుంచి కాక, ఏం మిగులుతుందన్న లెక్కతో మొదలుపెట్టాలి. ఈ ఒక్క క్రమం తప్పినందువల్లే చాలామంది రెండో వారానికి నీరసించి వదిలేస్తారు, లేదా వదలకుండా బక్కచిక్కిపోతారు. రెండోది మరింత ప్రమాదం.

మానేయడానికి ముందు

పథ్యం మొదలుపెట్టే ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లాలనడం లాంఛనం కోసం చెప్పే మాట కాదు. మన దగ్గర దీర్ఘకాలపు కడుపు బాధలకు అమీబియాసిస్, జియార్డియా వంటి పరాన్నజీవులు, పేగుల క్షయ కూడా కారణం కావచ్చు. పప్పు మానేస్తే పేగుల క్షయ తగ్గదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు జరగాలి. వరంగల్‌లోని ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఆ క్రమం అదే.

గోధుమ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. దీనికి గోధుమతో ఉన్న సంబంధాన్ని 1940ల్లో బయటపెట్టినవాడు నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. ఈ జబ్బును పట్టే రక్తపరీక్ష రోగి గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితం ఇస్తుంది. ముందే మానేసి తర్వాత పరీక్షకు వెళ్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. దక్షిణాదిలో ఈ జబ్బు అరుదు. హర్యానా, అస్సాం ప్రాంతాలతో పాటు వెల్లూరులో 23 వేల మందికి పైగా పెద్దల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిలో వెయ్యి మందికి 8.53, ఈశాన్యంలో 4.66 ఉన్న సీలియాక్, దక్షిణాదిలో 0.11 మాత్రమే. రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాదిలో సగటున 455 గ్రాములుంటే దక్షిణాదిలో 25 గ్రాములే. చపాతీ తింటే కడుపు ఉబ్బే వరంగల్ మనిషికి సీలియాక్ ఉండే అవకాశం చాలా తక్కువ, గోధుమలోని కొన్ని రకాల చక్కెరలు పడకపోయే అవకాశమే ఎక్కువ. అయినా పరీక్ష చేయించి పక్కన పెట్టాల్సిన జబ్బే అది. ఎందుకంటే అందులో గోధుమ మానడం కొద్ది వారాలకు కాదు, జీవితాంతానికి.

ఒక్క రక్తపు చుక్కతో వంద పదార్థాలకు పడనివేవో చెబుతామనే ఐజీజీ పరీక్షల మీద డబ్బు పోయనవసరం లేదు. రక్తంలో ఐజీజీ అనే ప్రతిరక్షకాలు కనిపించడం అంటే ఆ పదార్థం తిన్నామని అర్థం, పడలేదని కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ సంగతి స్పష్టం చేసింది. ఇలాంటి నివేదిక పట్టుకుని ఒకేసారి ఇరవై పదార్థాలు మానేసినవారు పడేది అనవసరపు పస్తే.

గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు, బాగా బక్కగా ఉన్న వృద్ధులు, ఇన్సులిన్ తీసుకునేవారు సొంతంగా ఈ పథ్యం చేయకూడదు. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి భోజనంతో పాటు గుడ్డు, పాలు ఇస్తున్నది ఆ దశలో వాటి అవసరం అంత ఉండబట్టే. పడటం లేదేమోనన్న ఊహతో వాటిని మానడం తల్లికీ బిడ్డకూ నష్టం. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడనివారికి ఈ కథనంలోని ఇంటి పద్ధతి వర్తించదు. అది ప్రాణాంతకమైన అలర్జీ. తిరిగి తిని చూడటం ఆసుపత్రిలో, వైద్యుడి ఎదుటే జరగాలి.

రెండు పథ్యాలు, రెండు లోటులు

ఎలిమినేషన్ డైట్ ఒకటే కాదు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి రెండు. అవి తీసేసేవి వేరు కాబట్టి మిగిల్చే లోటులూ వేరు.

మొదటిది ఫాడ్‌మ్యాప్ పథ్యం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ మాటను తెచ్చారు. కొన్ని రకాల చక్కెరలు చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. అవి నీటిని లాక్కుంటూ పెద్దపేగుకు చేరతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. ఇది అందరిలో జరిగేదే. ఐబీఎస్ అనే పేగుల సున్నితత్వం ఉన్నవారిలో మాత్రం ఆ నీటితో, వాయువుతో పేగు సాగడం నొప్పిగా మారుతుంది. ఉల్లి, ఎల్లిపాయ, గోధుమల్లో ఫ్రక్టాన్లు, పప్పుల్లో రాఫినోస్, స్టాకియోస్, పాలలో లాక్టోస్, మామిడి, తేనెలో ఎక్కువైన ఫ్రక్టోస్, పుట్టగొడుగుల్లో మానిటాల్ ఈ కోవలోవి. గుడ్డు, మాంసం, చేపల్లో ఇవి లేవు.

రెండోది ఆరు పదార్థాల పథ్యం. అన్నవాహికలో ఇయోసినోఫిల్ కణాలు చేరి వాపు తెచ్చే జబ్బుకు 2006లో షికాగో వైద్యులు దీన్ని పిల్లల మీద పరీక్షించి చూపారు. ఇందులో తీసేసేవి పాలు, గుడ్డు, గోధుమ, సోయా, పల్లీలూ బాదం జీడిపప్పులూ, చేపలూ రొయ్యలూ.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఫాడ్‌మ్యాప్ పథ్యం కందిపప్పును తగ్గించి గుడ్డును ఉంచుతుంది. ఆరు పదార్థాల పథ్యం గుడ్డును, పాలను తీసేసి కందిపప్పును ఉంచుతుంది. మాంసం తక్కువ తినేవారు ఒకదాన్ని పాటించి బతకగలరు. రెండు జాబితాలూ కలిపి పాటిస్తే అన్నం, కూరగాయలు తప్ప ఏమీ మిగలవు. ఏ బాధకు ఏ పథ్యమో వైద్యుడు తేల్చాక ఆ ఒక్కదానికే కట్టుబడటం అందుకే అవసరం. అన్నవాహిక జబ్బు ఉన్నవారికి మేలైన కబురు కూడా ఉంది. అమెరికాలో 129 మంది పెద్దలపై జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో పాలు ఒక్కటే మానినవారిలో 34 శాతానికి, ఆరూ మానినవారిలో 40 శాతానికి వాపు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. కాబట్టి పాలతో మొదలుపెట్టి, తగ్గకపోతేనే ముందుకు వెళ్లవచ్చు. తినేవే తక్కువైన ఇంటికి ఈ దారే మంచిది.

పాల సంగతి దక్షిణాదిలో మరీ ముఖ్యం. 1981లో వెలువడిన ఒక అధ్యయనంలో ఢిల్లీవారిలో సుమారు 27 శాతం మందికి లాక్టోస్ పడకపోతే, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో ఆ సంఖ్య సుమారు 67 శాతం. ఉబ్బరం ఒక్కటే బాధగా ఉన్నవారు పెద్ద పథ్యానికి దిగేముందు రెండు వారాలు పాలు, పాలతో చేసిన టీ, ఐస్‌క్రీమ్, పాలకోవా మానేసి చూస్తే కొందరి సమస్య అక్కడే తేలిపోతుంది.

వంటింటి వెతుకులాట

ఫాడ్‌మ్యాప్ పథ్యం మన వంటింట్లోకి వచ్చాక ఒక్కో వంటను విప్పి చూడాల్సిందే. సంక్రాంతి సకినాల్లో ఉండేవి బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. ఈ పథ్యంలో వాటికి అడ్డు లేదు. సర్వపిండి కూడా బియ్యప్పిండే, కానీ అందులో శనగపప్పు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ పడతాయి. వాటిని తీసి పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కొత్తిమీరతో తడితే సర్వపిండీ తినవచ్చు. పచ్చిపులుసులో పచ్చి ఉల్లిగడ్డ బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం తరిగి వేసుకోవచ్చు, ఫ్రక్టాన్లు ఎక్కువగా ఉండేది అడుగున ఉండే తెల్లటి గడ్డలో. ఎల్లిపాయ వాసన లేనిదే ముద్ద దిగనివారికి ఒక ఉపాయం ఉంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. పోపులో ఎల్లిపాయ రెబ్బలు వేయించి, వాసన నూనెకు పట్టాక రెబ్బలు తీసేస్తే సరిపోతుంది. అదే రెబ్బలు చారులో ఉడికిస్తే చక్కెరలు చారులోకి దిగిపోతాయి. ఇంగువ కూడా పనికొస్తుంది. అయితే డబ్బా ఇంగువలో గోధుమపిండి కలిసి ఉండటం మామూలే, సీలియాక్ ఉన్నవారు బియ్యప్పిండి కలిపిన రకం చూసుకుని కొనాలి.

ఆదివారం మాంసం గురించి ఇక్కడే ఒక అపోహ పోవాలి. మటన్ తిన్న రోజు కడుపు ఉబ్బితే నింద మాంసం మీద పడుతుంది. వాయువు పుట్టించే చక్కెరలు మాంసంలో లేవు. అరకిలో కూరకు పడే నాలుగు ఉల్లిగడ్డలు, అల్లంవెల్లుల్లి ముద్దలో ఉన్నాయి. కొవ్వు ఎక్కువైతే కడుపు బరువెక్కుతుంది, అది వేరే సంగతి. అసలే వారానికోసారి తినే మాంసాన్ని ఈ తప్పుడు అనుమానంతో వదులుకున్నవారు బి12కూ ఇనుముకూ ఉన్న ఒక మంచి ఆధారాన్ని పోగొట్టుకుంటున్నారు. పథ్యం సాగే వారాల్లో మాంసం, చేప తినేవారు అల్లం, మిరియాలు, ధనియాలు, టమాటాతో వండుకుని ఆ ఒక్క రోజును రెండు రోజులు చేసుకుంటే పప్పు లోటు కొంత తీరుతుంది.

విదేశీ జాబితాల్లో అంతగా కనిపించనిది కారం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తే ఊరికి అది చిన్న విషయం కాదు. మిరపలోని కాప్సైసిన్ పేగుల్లో నొప్పిని గుర్తించే నాడులను నేరుగా తాకుతుంది, సున్నితమైన పేగులున్నవారిలో మంట, విరేచనం తెస్తుంది. ఉల్లి మానిన వారంలోనే కారం కూడా తగ్గిస్తే మేలు దేనివల్ల కలిగిందో తెలియదు. పథ్యమంతా కారం ఒకే మోతాదులో ఉంచి, దాన్ని చివర్లో విడిగా పరీక్షించాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉన్న రకం. ఎర్రటి కూర కావాలి, మంట వద్దు అనుకునేవారికి అది చేతికందే వీలు.

మాంసకృత్తుల లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి అది సుమారు 46 గ్రాములు. వరంగల్ సన్నాలో మరో రకమో, 300 గ్రాముల బియ్యం వండితే దాదాపు 24 గ్రాములు వస్తాయి. రెండు గుడ్లు 13, పావు కిలోకు కొంచెం తక్కువ పెరుగు 6 లేదా 7, గుప్పెడు పల్లీలు 7. మొత్తం 50. పప్పు లేకున్నా లెక్క కుదిరింది. గుడ్డు, పెరుగు కూడా తీసేస్తే మొత్తం 31కి పడిపోతుంది, అదీ నాసిరకం 31. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దాన్ని పూడ్చేది పప్పు. అన్నం పప్పు కలిపి తినడంలోని బలం అదే. పల్లీలు, నువ్వులు లైసిన్ లోటును పెద్దగా తీర్చలేవు. గుడ్డు, పాలు, మాంసం, చేప, సోయా తీర్చగలవు.

పప్పును పూర్తిగా మానాల్సిన పని కూడా లేదు. రాఫినోస్ వంటివి నీటిలో కరుగుతాయి కాబట్టి పప్పును గంటల తరబడి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికిస్తే కొంత తగ్గుతాయి. మొలకెత్తించినా తగ్గుతాయి. తేలికపాటి పెసరపప్పును పావు కప్పు మోతాదులో చాలామంది తట్టుకుంటారు. సోయాలో రకాన్ని బట్టి తేడా ఉంది. మీల్ మేకర్‌లో ఆ చక్కెరలు అలాగే ఉంటాయి. గట్టి టోఫు చేసేటప్పుడు అవి నీళ్లతో పాటు బయటికి పోతాయి. పనీర్ సంగతీ అంతే, విరిగిన పాల నీళ్లతో లాక్టోస్ చాలావరకు పోతుంది. అందువల్ల లాక్టోస్ పడనివారు పనీర్ తినగలరు, పాల మాంసకృత్తులే పడనివారు తినకూడదు.

ధాన్యాన్ని మార్చి ఊరుకోవడం ఎంత ప్రమాదమో ఈ గడ్డ మీదే తేలింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైన పోషకాహార సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, మతి చలించడం లక్షణాలుగా ఉన్న పెల్లాగ్రాను అంతకుముందు మక్కలు తినేవారి జబ్బుగా ప్రపంచం గుర్తించేది. దక్కన్‌లో అది జొన్న తినే పేదల్లో కనిపించింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌ను అనుమానించారు. ఆ వాదనపై తర్వాత చాలా చర్చ సాగింది. చర్చ లేని సంగతి ఒకటుంది, ఆ జబ్బు వచ్చింది దాదాపు జొన్న మీదే బతికినవారికి. గోధుమకు బదులు జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రలు ఎంచుకోవడం మంచి పనే. వాటి పక్కన గుడ్డో, పెరుగో, పప్పో, చేపో తప్పక ఉండాలి.

పాలు మానినవారికి సున్నం లోటు వస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, నువ్వుల్లో వెయ్యి దాటుతుంది, అందులో కొంతే ఒంటికి పట్టినా. బి12కు మాత్రం మొక్కల్లో ఆధారం లేదు. రోజుకు కావాల్సింది 2.2 మైక్రోగ్రాములే అయినా, మాంసం అరుదుగా తింటూ పాలు, గుడ్డు కూడా మానితే అది అందే దారి మూసుకుపోతుంది. అలాంటి పథ్యం నెల దాటితే వైద్యుడి సలహాతో బి12 మాత్ర వేసుకోవాలి.

కార్తీకంలో మొదలుపెడితే

కార్తీక మాసంలో, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో కడుపు తేలికగా ఉందని చెప్పేవారు ఎందరో. నీసు మానడం వల్లే అని వారి నమ్మకం. ఆ రోజుల్లో మానేది నీసు ఒక్కటే కాదు. చాలామంది ఉల్లి, ఎల్లిపాయ ముట్టరు. మద్యం, సిగరెట్ ఉండవు. బయటి తిండి ఉండదు, భోజనం వేళకు పడుతుంది, తెల్లవారుజామునే లేస్తారు. ఇన్ని మార్పుల్లో మేలు చేసింది ఏదో తేల్చేవారు లేరు. దీక్ష విరమించగానే అన్నీ ఒకేసారి తిరిగి మొదలవుతాయి, కడుపు మళ్లీ ఉబ్బుతుంది, నింద మళ్లీ మాంసం మీదికే పోతుంది. నియమం పాటించడంలో తెలుగువారికి కొరత లేదు. దీక్షను పరీక్షగా మార్చేది దాని తర్వాతి భాగం, ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోవడం. దీక్షా కాలంలో ఉల్లి, మాంసం ఎలాగూ ఉండవు కాబట్టి, అది ముగిశాక ముందు ఉల్లి లేని మాంసం కూర, కొన్నాళ్లకు ఉల్లి, తర్వాత ఎల్లిపాయ అనే వరసలో తింటే ఎన్నో ఏళ్ల అనుమానం ఒక్క నెలలో తీరవచ్చు.

విడిగా పథ్యం మొదలుపెట్టేవారు మాత్రం ఉపవాసాలున్న నెలను ఎంచుకోకూడదు. ఉన్న కొద్ది తిండిపైనా కోత పడుతుంది. సద్దుల బతుకమ్మ, సంక్రాంతి, ఇంట్లో పెళ్లి దగ్గరున్న రోజులూ వద్దు. పెళ్లి భోజనంలో ఉల్లి లేని పదార్థం వెతకడం జరిగే పని కాదు.

తిరిగి తినే వరస

ఫాడ్‌మ్యాప్ పథ్యంలో మానే దశ రెండు నుంచి ఆరు వారాలు. ఈలోగా బాధ తగ్గితేనే తర్వాతి దశకు అర్థం ఉంటుంది. ఆరు వారాలకూ తగ్గకపోతే కారణం ఆ పదార్థాలు కావని తేలినట్టే, వెంటనే మామూలు తిండికి వచ్చేయాలి. ఇంకొన్ని తీసేస్తూ పోవడం చాలామంది చేసే తప్పు.

తగ్గినవారు ఒక్కో పదార్థానికి మూడు రోజులు కేటాయించాలి. పాలయితే మొదటి రోజు అర గ్లాసు, రెండో రోజు గ్లాసు, మూడో రోజు గ్లాసున్నర. గోధుమయితే ఒక చపాతీ, తర్వాత రెండు, తర్వాత మూడు. పప్పుకు పావు కప్పు, అర కప్పు, ముప్పావు కప్పు. ఉల్లిని, ఎల్లిపాయను వేర్వేరుగా చూడాలి, ఒకటి పడి మరొకటి పడనివారు ఉంటారు. పుట్టగొడుగులు, ఎండాకాలమైతే మామిడి చివరికి ఉంచుకోవచ్చు. బాధ మొదలైన రోజే ఆ పరీక్ష ఆపేయాలి. ఒకదానికీ మరోదానికీ మధ్య రెండు మూడు రోజులు విరామం ఇవ్వాలి. ఒక పదార్థం పడిందని తేలినా పరీక్షలన్నీ అయ్యేదాకా దాన్ని మళ్లీ పక్కన పెట్టడం మంచిది, లేకపోతే రెండు పదార్థాల మోతాదు కలిసి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. తిన్నది, తిన్న వేళ, బాధ మొదలైన వేళ, నిద్ర, పనిలో ఒత్తిడి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చదువు పరీక్షల రోజుల్లోనో, ఇంట్లో గొడవ జరిగిన రోజునో వచ్చిన నొప్పిని కందిపప్పు ఖాతాలో వేయకుండా ఆ రాతలే కాపాడతాయి.

మాంసం తక్కువ తినేవారికి ఈ వరసలో ముందు రావాల్సినవి పప్పు, పెరుగు. వాటి సంగతి ఎంత త్వరగా తేలితే కంచం అంత త్వరగా నిండుతుంది. పెరుగును పాలతో కలిపి లెక్కించకూడదు. తోడు వేసినప్పుడు లాక్టోస్ కొంత తగ్గుతుంది, పెరుగులోని సూక్ష్మజీవులు మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. పాలు పడని ఎందరో పెరుగన్నం హాయిగా తింటారు.

ఇంటిల్లిపాదికీ ఒకే కుండలో వండే చోట పథ్యం భారం వండే మనిషి మీద పడుతుంది, ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి అమ్మో అత్తమ్మో కోడలో. ఆమే రోగి అయితే తన కోసం వేరే వండుకోవడానికి మొహమాటపడి, అన్నంలో పచ్చడి కలుపుకుని లేస్తుంది. దీనికి సులువైన దారి ఉంది. కూర, చారు ఉల్లి లేకుండా అందరికీ కలిపి వండి, పథ్యం చేసేవారి వాటా తీసి పెట్టాక మిగిలినదానికి ఉల్లి, ఎల్లిపాయలతో వేరే పోపు పెడితే చాలు. గుడ్డు ఎవరికి వండినా ఆమెకు రెండు ఉండాలన్నది ఇంట్లో అందరూ పట్టించుకోవాల్సిన మాట.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనుక అచ్చయిన అలర్జీ వివరాలు చదవాలి. ఆహార ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీలూ బాదం వంటి గింజలూ, సోయా, మోతాదు మించిన సల్ఫైట్లు ఉంటే అక్కడ తెలపాలి. శాకాహారమని చెప్పే పచ్చ గుర్తు పాలు లేవని చెప్పదు. ఉల్లిపొడి, ఎల్లిపాయ పొడి ఆ అలర్జీ జాబితాలో లేవు కాబట్టి చిప్స్, మసాలా పొడుల్లో వాటి కోసం పదార్థాల వరుసంతా చదవాల్సిందే.

పరీక్షలన్నీ ముగిశాక ఎక్కువమందికి మిగిలేది పొట్టి జాబితా, ఒకటో రెండో పదార్థాలు, అదీ ఫలానా మోతాదు దాటితేనే. మిగతావన్నీ కంచంలోకి తిరిగి రావాలి. ఫాడ్‌మ్యాప్ చక్కెరల్లో కొన్ని పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం కాబట్టి పడినవాటిని భయంతో మానేయడం నష్టమే. ఆ దశలో బరువు, హిమోగ్లోబిన్, బి12 ఒకసారి చూపించుకోవాలి. పడదని తేలిన పదార్థాన్ని కూడా కొన్ని నెలల తర్వాత కొద్ది మోతాదులో మళ్లీ పరీక్షించాలి, పేగుల సున్నితత్వం కాలంతో మారుతుంది. పడనివాటిలో పప్పు ఉంటే ఆ మలి పరీక్ష దానితోనే మొదలుకావాలి, మాంసం అరుదుగా వండే ఇంట్లో ఆ లోటు పూడ్చడమే అన్నిటికన్నా కష్టం.